ఊరి వార్తకు ఏ దారి: పత్రికా, బ్లాగా, యూట్యూబా, వాట్సాపా?

ఈ నెలలో ఇద్దరు నన్ను దాదాపు ఒకే ప్రశ్న అడిగారు. ఒకరు కవిటి మండలం అమ్మాయి. డిగ్రీ పూర్తయింది, ఉద్దానం ఊళ్ల సంగతులు తానే రాస్తానంటోంది. "బాబాయ్, యూట్యూబ్ చానల్ పెట్టనా, పత్రికలో చేరనా?" అని అడిగింది. రెండోవాడు వరుసకు నా మేనల్లుడు. చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. సర్పంచి పదవికి నిలబడాలని వాడి కోరిక. "మామయ్యా, ప్రచారానికి ఫోను చాలదా? కరపత్రాలు, మైకు బండి ఇంకా ఎందుకు?" అన్నాడు.

నేను పన్నెండేళ్లు ఒక దినపత్రికకు మండల విలేకరిగా పనిచేశాను. తర్వాత సొంతంగా బ్లాగు రాశాను, వాట్సాప్ గ్రూపులు నడిపాను. వీడియోలు కొన్నే తీశాను. వాళ్లిద్దరికీ చెప్పినదే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ ప్రశ్న అడుగుతున్నవాళ్లు ఇప్పుడు ఊరికి ఒకరైనా ఉన్నారు.

ఏ వేదిక మంచిదని అడిగేవాళ్లు మొదట చూసేది ఎంతమందికి చేరుతుందన్నదే. నేను ఇంకో ప్రశ్న ముందు వేసుకోమంటాను. ఇవాళ నేను చెప్పినది తప్పని రేపు తేలితే, ఇవాళ చదివినవాళ్లకే ఆ సవరణ చేర్చగలనా? ఈ ప్రశ్న నాకు తేలిగ్గా రాలేదు. మా మండలంలో పేర్లు ఒకేలా ఉండే రెండు ఊళ్లున్నాయి, ఒకటి అగ్రహారం, ఇంకొకటి పేట. చెరువులో పూడిక తీసినట్టు బిల్లయిందని ఒక జాబితాలో చూసి, ఆ చెరువు దగ్గరికని వెళ్లి, గుర్రపుడెక్కతో నిండిన నీళ్ల ఫొటో తీసి, పని చేయకుండానే డబ్బు తీసుకున్నారని గ్రూపులో పెట్టాను. అరగంటలో ఫోన్లు వచ్చాయి. నేను వెళ్లింది రెండో ఊరికి. బిల్లయిన చెరువులో పని నిజంగానే జరిగింది. వెంటనే తీసేశాను, తప్పయిందని రాశాను. కానీ తీసేసింది నా గ్రూపులో మాత్రమే. ఆ ఫొటో నెల రోజుల పాటు వేరే గ్రూపుల నుంచి, నేను రాయని మాటలు కూడా చేర్చుకొని, నా దగ్గరికే తిరిగి వస్తూ ఉంది. ఆ పని చేయించిన మనిషి ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాను. ఆయన తిట్టలేదు. "మా అమ్మాయిని చూడటానికి వచ్చినవాళ్లు కూడా ఆ ఫొటో చూశారండి" అన్నాడు, అంతే.

అప్పటి నుంచి ఏ వేదికనైనా నేను ఆ వాకిట్లో నిలబడి చూస్తాను.

పత్రిక

1974 ఆగస్టు 10న ఈనాడు విశాఖపట్నంలో మొదలయ్యాక, తెల్లవారేసరికి తమ ప్రాంతపు వార్తతో పత్రిక చేతికి రావడం ఉత్తరాంధ్ర పాఠకులకు అలవాటయింది. 1989లో జిల్లా పేజీలు మొదలైన తర్వాత మండల విలేకరి అనే మనిషి ఊరూరా తెలిశాడు. అతనికి జీతం ఉండదు, లైన్ అకౌంట్ ఉంటుంది. అంటే అచ్చయిన వార్తను కొలిచి కట్టే లెక్క. ఆ డబ్బుతో ఇల్లు నడవదు. అయినా అక్కడ దొరికేది ఒకటుంది, డెస్కు, అంటే విలేకరి పంపిన వార్తను సరిచూసి దిద్దే విభాగం. నేను పంపిన వార్తలో ఎప్పుడు, ఎంత, ఎవరు అన్నవాటిలో ఒకటి తగ్గితే రాత్రి తొమ్మిదింటికి ఫోను వచ్చేది. "అవతలివాళ్ల మాట ఏది?" అని అడిగేవారు. అది లేకపోతే వార్త ఆగిపోయేది. తప్పు అచ్చయితే సవరణ మళ్లీ అదే పేజీలో, అదే పాఠకుడికి వెళ్లేది. పత్రిక మీద సంపాదకుడి పేరు, ముద్రాపకుడి పేరు ఉంటాయి కాబట్టి ఎవరిని నిలదీయాలో ఊళ్లో వాళ్లకు తెలిసేది.

నన్ను బయటికి పంపింది ప్రకటనల లక్ష్యం. పండుగలకు, నాయకుల పుట్టినరోజులకు ఇన్ని ప్రకటనలు తేవాలని మాకు అంకె చెప్పేవారు. పొద్దున ప్రకటన కోసం ఏ ఇంటి అరుగు మీద కూర్చున్నామో సాయంత్రం ఆ ఇంటాయన పనితీరు మీద రాయాలి. చేయి వణుకుతుంది. ఎన్నికల నెలలో ఆ వణుకు మరీ ఎక్కువ. డబ్బు తీసుకొని వార్తలా అచ్చువేసే పద్ధతి గురించి ఎన్నికల సంఘమే జిల్లాల్లో కమిటీలు పెట్టవలసి వచ్చిందంటే ఆ జబ్బు ఎంత ముదిరిందో అర్థమవుతుంది.

కవిటి అమ్మాయికి నేను చెప్పింది ఇది: వీలైతే ఏడాది, రెండేళ్లు పత్రికలో పనిచెయ్యి. ఆ డెస్కు అడిగే ప్రశ్నలు నీలో ఇంకిపోయాక బయటికి రా. అక్కడే జీవితం గడుపుతానంటే మాత్రం ఇంటికి ఇంకో ఆదాయం చూసుకో.

బ్లాగు, లేదా సొంత రాత పేజీ

బ్లాగు కాలం అయిపోయిందని చాలామంది అంటారు. 2006 ప్రాంతంలో లేఖిని అనే సైటులో ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగు అక్షరాలు పడుతుంటే ఎంత సంబరపడ్డామో నాకు గుర్తుంది. బ్లాగుల్లో కొత్త రాతలన్నీ కూడలి అనే సైటులో ఒకేచోట కనిపించేవి. తర్వాత ఫేస్‌బుక్ వచ్చి చదివేవాళ్లను తీసుకుపోయింది. బ్లాగు దగ్గరికి పాఠకుడు తనంత తాను రాడు, ఇది నిజం. అయినా ఊరి రాజకీయాలకు నేను మొదట ఎంచుకునేది ఇప్పటికీ దీన్నే.

కారణం చెబుతాను. భోగాపురం విమానాశ్రయాన్ని తీసుకోండి. 2019 ఫిబ్రవరి 14న ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. 2023 మే 3న ఇంకో ముఖ్యమంత్రి మళ్లీ శంకుస్థాపన చేశారు. రెండు రోజులూ సభలు జరిగాయి, వీడియోలు వచ్చాయి, గ్రూపుల్లో ఫొటోలు తిరిగాయి. ఈ రెంటినీ ఒకదాని కింద ఒకటి పెట్టి, మధ్య నాలుగేళ్లలో భూమి ఇచ్చిన ఊళ్లకు ఏం జరిగిందో రాయాలంటే తేదీలతో నిలిచే చోటు కావాలి. కిడ్నీ జబ్బులతో బాధపడుతున్న ఉద్దానం సంగతీ అంతే. పలాసలో కిడ్నీ ఆసుపత్రికి 2019 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగితే, 2023 డిసెంబరు 14న ప్రారంభం జరిగింది. మాట ఎప్పుడిచ్చారు, పని ఎప్పుడయింది, ఇవాళ ఎంతమంది డాక్టర్లున్నారు అని వరుసగా రాసిపెట్టిన పేజీ ఒకటి ఉంటే, ఏ పార్టీవాడు వచ్చినా ఓటరు ఆ పేజీ తెరిచి అడగగలడు. రాజకీయ నాయకుడికి మనం మరిచిపోవడం ఎంతో అనుకూలం. అందుకే గుర్తుపెట్టుకునే చోటు మన చేతిలో ఉండాలంటాను.

ఇంకో కారణం, రాతను చదివేవాడు వాక్యం వాక్యం పట్టి పరీక్షించగలడు. 2004లో అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు సీబీఎస్ టెలివిజన్ అప్పటి అధ్యక్షుడు బుష్ సైనిక సేవ గురించి కొన్ని పాత కాగితాలు చూపించింది. 1970ల నాటి టైపు మిషను అక్షరాలు ఇలా ఉండవని గంటల వ్యవధిలో బ్లాగర్లు పట్టుకున్నారు. ఆ కాగితాలు అసలైనవని నిరూపించలేకపోయిన సంస్థ పొరపాటు ఒప్పుకుంది. మూడేళ్ల తర్వాత జాష్ మార్షల్ నడిపే టాకింగ్ పాయింట్స్ మెమో అనే బ్లాగు దీనికి ఇంకో ముఖం చూపించింది. ఫెడరల్ ప్రాసిక్యూటర్ల, అంటే కేంద్ర ప్రభుత్వ వకీళ్ల, తొలగింపుపై ప్రభుత్వం ఒక్కసారిగా వేల పేజీల కాగితాలు విడుదల చేస్తే, వాటిని పంచుకొని చదవమని తన పాఠకులనే అడిగింది. చదివినవాళ్లు దొరికినవి దొరికినట్టు రాశారు. ఆ పరిశోధనకు 2008లో అమెరికా పత్రికారంగంలో పేరున్న జార్జ్ పోల్క్ పురస్కారం వచ్చింది.

ఇది చదివినప్పుడు నాకు మా పంచాయతీ గుర్తొచ్చింది. గ్రామ పంచాయతీల రాబడి, ఖర్చు, పనుల వివరాలు ఇ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్లో ఎవరైనా చూడవచ్చు. ఎమ్మెల్యే, ఎంపీ అభ్యర్థులు ఇచ్చిన ప్రమాణపత్రాలు ఎన్నికల సంఘం సైటులో ఉంటాయి. అక్కడ దొరకనిదానికి 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. ఒక్క మనిషి ఇవన్నీ చదవలేడు. కానీ ఏ వీధిలో కాలువ నిజంగా కట్టారో ఆ వీధివాళ్లకు తెలుసు. ఖర్చుల పట్టిక పేజీలో పెట్టి, మీ వీధి సంగతి మీరు చెప్పండి అని అడిగితే పదిమంది చెబుతారు. నా చెరువు తప్పు కూడా అలా ముందు అడిగి ఉంటే జరిగేది కాదు.

తప్పు దొర్లితే బ్లాగులో అదే చిరునామాలో సరిదిద్దవచ్చు. పైన తేదీ వేసి, ముందు ఏమని రాశామో, ఇప్పుడు ఏం మార్చామో రెండు వరుసలు రాయాలి. గుట్టుగా మార్చడం మాత్రం మోసమే. పేజీ మీద మీ అసలు పేరు పెట్టండి. పరువునష్టం చట్టం, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షను, కాగితానికీ తెరకీ ఒకటే. పేరు దాచుకోవడం రక్షణ కాదు.

భాష గురించి ఒక్క మాట. వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి ఈ మట్టిలో పుట్టిన మనిషి. జనం మాట్లాడే భాష రాతకు పనికొస్తుందని చూపించడానికి 1919లో 'తెలుగు' అనే పత్రికే నడిపారు. నూరేళ్లు దాటాక మన పిల్లలు పంచాయతీ తీర్మానాన్ని చదివి, అందులోని కార్యాలయ భాషనే తిరిగి రాస్తుంటే నాకు బాధగా ఉంటుంది. 'నిధులు వెచ్చించబడినవి' అని కాదు, ఎవరు ఎంత ఖర్చుపెట్టారో రాయండి.

డబ్బు ఆశించి బ్లాగు పెట్టవద్దు. 2018లో గూగుల్ ప్రకటనల పథకం తెలుగు పేజీలకూ వర్తించింది కానీ, ఒక మండలం పాఠకులతో వచ్చే ఆదాయం ఫోను రీచార్జికి సరిపోతే గొప్ప.

వీడియో

2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక మన ఊళ్లలో చదవడం కంటే చూడటం పెరిగింది. చదువురాని పెద్దలకు వీడియో ఇచ్చిన గౌరవం చిన్నది కాదు. వజ్రపుకొత్తూరు తీరంలో ఒక మత్స్యకార మహిళ తన భర్త డయాలసిస్ గురించి తన మాటల్లో చెబుతుంటే, నేను ఎన్ని పేరాలు రాసినా ఆ గొంతుకు సాటిరావు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొబ్బరితోటలను పడగొట్టినప్పుడు చెట్ల లెక్క కంటే కూలిన తోటను కళ్లారా చూస్తేనే బయటివాళ్లకు నష్టం అర్థమయింది.

ప్రచారంలో కెమెరా ఎంత పనిచేస్తుందో 2006 ఆగస్టులో అమెరికాలోని వర్జీనియాలో తెలిసింది. సెనేటర్ జార్జ్ అలెన్ సభను ప్రత్యర్థి తరపున చిత్రీకరిస్తున్న భారత సంతతి యువకుణ్ని అలెన్ వేదిక మీద నుంచి 'మకాకా' అని పిలిచాడు. కోతిజాతి పేరు అది. ఆ కొద్ది క్షణాల వీడియో యూట్యూబ్‌కెక్కింది, నవంబరులో అలెన్ స్వల్ప తేడాతో ఓడిపోయాడు. అంతకు ముందు ఊరి సభలో అన్న మాట ఊరిలోనే ఉండిపోయేది. ఇప్పుడు పాలకొండలో అన్నా, పార్లమెంటులో అన్నా ఒకటే.

అయినా కవిటి అమ్మాయిని మొదటి ఏడాది వీడియో చానల్ పెట్టవద్దన్నాను. మామూలు నిడివి వీడియోలతో యూట్యూబ్ ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే వెయ్యిమంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. రెండు వేల ఓట్ల ఊరి సంగతులు చెబితే ఆ గంటలు ఎక్కడి నుంచి వస్తాయి? రాష్ట్ర నాయకులు ఒకరినొకరు తిట్టుకున్న ముక్కలు పెడితే వస్తాయి. అలా ఊరి కోసం మొదలైన చానల్ ఆరు నెలల్లో హైదరాబాదు, అమరావతి కబుర్లకు పోతుంది. ఇది నా కళ్లముందు ఎన్నోసార్లు జరిగింది. మైకుకు చానల్ ముద్ర తగిలించి కార్యాలయాల చుట్టూ తిరిగి డబ్బు అడిగేవాళ్లు తయారైందీ ఇలాగే. వాళ్ల వల్ల నిజాయితీగా ప్రశ్నించే పిల్లలను కూడా గుమ్మంలోనే ఆపేస్తున్నారు.

దిద్దుబాటు దగ్గర వీడియో బలహీనం. ఒకసారి ఎక్కించినదాని స్థానంలో, అదే చిరునామాకు, కొత్త వీడియో పెట్టడం యూట్యూబ్‌లో కుదరదు. కొంత కత్తిరించవచ్చు, కింద వివరణ రాయవచ్చు, లేదా పూర్తిగా తీసేయాలి. కింది వివరణ చదివేదెవరు? అందుకే నా పద్ధతి ఇది: చూడవలసింది, వినవలసింది ఉన్నప్పుడే వీడియో తీసి రాతపేజీలో అతికించండి. సభలో నాయకుడి మాట తీస్తే ముందు వెనుకల అర నిమిషం కూడా ఉంచండి. ఒక్క వాక్యం కోసి పెడితే అర్థం తారుమారవుతుంది.

వాట్సాప్

ఇది బండి, గోదాము కాదు. పొట్టకూటికి హైదరాబాదు, చెన్నై, గుజరాత్ తీరం, గల్ఫ్ దేశాలు వెళ్లిన మనవాళ్లకు ఊరి కబురు నిమిషంలో మోసుకుపోయేది ఇదొక్కటే. అయితే గ్రూపులో పంపిన మాటను మార్చడానికి ఉండేది 15 నిమిషాలు. వేరే గ్రూపులకు వెళ్లిపోయిన నకళ్ల మీద మనకు ఏ అధికారమూ లేదు. పుకార్లతో మూకదాడులు జరిగాక 2018లో భారతదేశంలో ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా వాట్సాప్ అడ్డుకట్ట వేసింది. చాలాసార్లు చేతులు మారిన సందేశాన్ని 2020 నుంచి ఒకసారికి ఒక్కచోటికే పంపగలం. అయినా పుకారు నడక ఆగలేదు. ఇప్పుడు మనిషి గొంతును కంప్యూటర్‌తో అనుకరించే రోజులు కూడా వచ్చాయి కాబట్టి, పోలింగు ముందు రాత్రి వచ్చే 'నాయకుడి గొంతు' ఏదైనా సరే, వెంటనే ఇంకొకరికి పంపకండి.

గ్రూపు కంటే 2023 సెప్టెంబరులో వచ్చిన వాట్సాప్ చానల్ మేలు. మాట ఒకవైపు నుంచే వెళ్తుంది, చేరినవాళ్ల ఫోను నంబర్లు ఒకరికొకరికి కనిపించవు. ముఖ్యంగా అమ్మాయిలు నడిపేటప్పుడు ఇది పెద్ద ఊరట. అందులో మొత్తం వార్త పెట్టవద్దు. రెండు వాక్యాలు, కింద రాతపేజీ లంకె. అప్పుడు ఎన్ని చేతులు మారినా చదివేవాడు మీ పేజీకే వస్తాడు, మీరు దిద్దినదే చూస్తాడు.

ఫేస్‌బుక్‌ను చందాదారులను రాబట్టే నోటీసు బోర్డుగా వాడుకోవచ్చు. దానికి అంతకు మించిన స్థానం నేను ఇవ్వను.

నిలబడేవాడికి వేరే లెక్క

మేనల్లుడికి చెప్పిన సలహా దాదాపు తలకిందులు. వాడికి కావలసింది నిలిచే రాత కంటే ముందు మనుషులు. వాడికి హోవార్డ్ డీన్ కథ చెప్పాను. 2003లో డెమోక్రటిక్ పార్టీ తరపున అమెరికా అధ్యక్ష పదవికి పోటీపడాలని బయల్దేరిన ఆయన బ్లాగుతో, ఇంటర్నెట్‌లో పోగైన చిన్న చిన్న చందాలతో అందరికంటే ముందు పరుగెత్తాడు. ఊరూరా సమావేశాలు ఇంటర్నెట్ ద్వారానే కుదిరాయి. తీరా పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఓటింగు 2004 జనవరి 19న అయోవా రాష్ట్రంలో జరిగితే మూడో స్థానం. తెర మీద పోగైన ఉత్సాహం ఆ ఊళ్ల ఓటర్ల గడప దాటలేదు. 2008లో ఒబామా బృందం అదే ఇంటర్నెట్‌ను కార్యకర్తను తలుపు తట్టడానికి పంపే పనికి వాడింది.

మా చీపురుపల్లి వైపు పల్లెల్లో ఈ తేడా ఇంకా పెద్దది. సర్పంచికి ఓటేసేది ఆ ఊరివాళ్లే. రాష్ట్రమంతా లక్షమంది చూసిన వీడియోలో మనవాళ్లు యాభైమంది ఉంటారో లేదో. కాబట్టి వాడికి చెప్పిన క్రమం: మొదట ఓటర్ల జాబితా పట్టుకొని ప్రతి ఇంటికీ నడక. రెండోది, వలస వెళ్లినవాళ్ల జాబితా. వీధికో చిన్న వాట్సాప్ గ్రూపు, ఆ గ్రూపులో ఉన్నవాళ్ల అనుమతితోనే. హైదరాబాదులో భవన నిర్మాణంలో ఉన్న కుర్రవాడికి పోలింగు తేదీ ముందుగా తెలిస్తేనే రైలు టికెట్ చేసుకుంటాడు. మూడోది, ఏం చేస్తావో ఒక్క పేజీ రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి, అందరికీ కనిపించేచోట పెట్టు. గెలిస్తే ఆ పేజీయే నిన్ను అడుగుతుంది. వీడియోకు, డ్రోను చిత్రాలకు డబ్బు పోయవద్దు.

కరపత్రం ఎందుకన్నాడు కదా. శాసనసభ, లోక్‌సభ ఎన్నికల్లో ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షను ప్రకారం కరపత్రం మీద ముద్రించినవారి, ప్రచురించినవారి పేర్లు, చిరునామాలు ఉండాలి. పేరు లేని ఫార్వర్డు సందేశంలో ఆ నిజాయితీ లేదు. అందుకే ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ కాగితాన్ని దాచుకుంటారు. పైగా 2013 అక్టోబరు 25న ఎన్నికల సంఘం ఇచ్చిన ఆదేశాలతో అభ్యర్థి తన సామాజిక మాధ్యమాల ఖాతాలను ప్రమాణపత్రంలో చూపాలి, వాటి మీద పెట్టిన డబ్బును, ఆ పని చేసిపెట్టినవాళ్ల జీతాలతో సహా, ఎన్నికల ఖర్చులో రాయాలి. ప్రకటనలకు ముందుగా అనుమతి తీసుకోవాలి. మన రాష్ట్రంలో ఆ ఖర్చు పరిమితి శాసనసభకు 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. పంచాయతీకి నియమాలు ఇచ్చేది రాష్ట్ర ఎన్నికల సంఘం. అక్కడ పార్టీ గుర్తులు ఉండవు. ఆ నియమాలను నామినేషనుకు ముందే తెచ్చుకొని చదవమన్నాను. ఫోను ప్రచారం ఉచితమనుకొని లెక్క రాయకపోవడం వాడి ఈడువాళ్లు చేసే మొదటి తప్పు.

వాడు కొంచెం నిరుత్సాహపడ్డాడు. డ్రోను మాట అప్పటికే ఎవరితోనో అయిపోయిందట. మర్నాడు మాత్రం ఓటర్ల జాబితా నకలు తెచ్చుకున్నానని ఫోను చేశాడు.

కవిటి అమ్మాయి బ్లాగు మొదలుపెట్టింది, పక్కన వాట్సాప్ చానల్ ఒకటి. మొదటి వార్త నాకు చూపించడానికి పంపింది. తమ వీధుల్లో కుళాయి నీళ్లు ఎన్ని రోజులకొకసారి వస్తున్నాయో ఇంటింటికీ తిరిగి అడిగి పట్టిక వేసింది. ఏ ఇంటి పేరూ బయటపెట్టలేదు, తేదీలన్నీ ఉన్నాయి. నీళ్లు వదిలే సిబ్బంది ఏమంటున్నారో మాత్రం అందులో లేదు. ఫోను చేసి అడిగాను. "రేపు పొద్దున ట్యాంకు దగ్గరికి వెళ్తాను బాబాయ్, అది వచ్చాకే పెడతాను" అంది.